ఎడమ చెయ్యి, కుడి చెయ్యి

ఢిల్లీలో అశోకా రోడ్డు ఇండియా గేట్‌ను కలిసే చోట హైదరాబాద్ హౌస్ ఉంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కోసం లుటియెన్స్ గీసిన ఆ భవనం 1928లో పూర్తయింది. పక్కనే మన ఆంధ్రా భవన్. అదే దారిలో ఒక తెలుగు కుటుంబం దగ్గర టేకు వాలుకుర్చీ ఒకటుంది. వీపుకీ సీటుకీ పేము అల్లిక, కాళ్లు చాపుకోవడానికి చేతుల కింద నుంచి బయటికి తిరిగే రెండు పొడవాటి బద్దలు. దాన్ని కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా చేసివ్వమన్నారు. ఈ నెలంతా సాయంత్రాలు దానికే సరిపోయాయి.

ఈ పనిలో అందరూ వాడే సులువు ఒకటుంది. కుర్చీలో సగమే తయారుచేసి, ‘మిర్రర్’ నొక్కితే రెండో సగం దానంతటదే వచ్చేస్తుంది. ఫ్యాక్టరీలో అచ్చు పోసిన కుర్చీకి అది చాలు. చేతిపని కుర్చీకి పనికిరాదు. ఈ కుర్చీ ఎడమ చెయ్యి కుడి చేతికన్నా 4 మిల్లీమీటర్లు సన్నం. వడ్రంగి చిత్రిక పట్టినప్పుడే తేడా వచ్చిందో, కూర్చున్నవాళ్ల అరచేయి ఏళ్ల తరబడి రాసుకుని అరిగిందో కొలత ఒక్కటే చెప్పదు. చెక్కను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఎడమ చేతి కింది భాగం కుడిదానితో సమానంగానే ఉంది. పైభాగం మాత్రం, సరిగ్గా వేళ్లు వాలే చోట, పల్లంగా నునుపుదేలి ఉంది. అంటే అది అరుగుదలే. మిర్రర్ నొక్కితే ఆ కుర్చీలో కూర్చున్న మనుషులందర్నీ తుడిచేసినట్టే. అందుకే రెండు చేతుల్నీ విడివిడిగా కొలిచి, విడివిడిగా చేశాను.

మొత్తం కుర్చీని కూడా ముక్క ముక్కగానే చేయాలని నా పట్టు. ముందు కాలు వేరు, వెనక కాలు వేరు, అడ్డబద్ద వేరు. వడ్రంగి ఏ ముక్క కోశాడో అదే ముక్క నా ఫైల్లోనూ ఉండాలి. అడ్డబద్ద కొసను చెక్కి కాలికి తొలిచిన బెజ్జంలోకి దించిన చోట, లోపల కనిపించని భాగాన్ని కూడా చేస్తాను. బొమ్మలో అది ఎవరికీ కనబడదు కదా అని తోటివాళ్లు అడుగుతుంటారు. ముక్కలు వేరైతేనే చెక్క చెక్కలా కనిపిస్తుందని నా అనుభవం. చెట్టు నార కాలికి నిలువుగా, అడ్డబద్దకు అడ్డంగా సాగుతుంది. కోసిన కొసల్లో వలయాల ముక్కలు బయటపడతాయి. ఒకే టేకు ఫొటోని గోడకు కాగితం అంటించినట్టు కుర్చీ అంతటికీ చుట్టేస్తే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా దాన్ని కాపాడలేదు. నేను వాడేది బ్లెండర్. 2002లో దాన్ని ఓపెన్ సోర్స్ చేశారు, పైసా ఖర్చు లేదు.

వెలుతురు సంగతి ఇంకా లోతు. నిజం వస్తువుకి కత్తి అంచులాంటి మూల ఉండదు. ప్రతి అంచూ కాస్త గుండ్రంగా ఉంటుంది, ఆ గుండ్రానికే సన్నటి మెరుపుగీత పడుతుంది. అది లేకపోతే కన్ను వెంటనే అబద్ధాన్ని పట్టేస్తుంది. పాలిష్ చేసిన చెక్కకైతే రెండు మెరుపులు. పైపొర మీద పడే మెరుపు గాజు మీద పడినట్టే ఉంటుంది. రెండోది పొర దాటి లోపలికెళ్లి, నారపోగుల మీద పడి తిరిగొచ్చే వెలుగు. మనం తల కదిపితే చెక్కలో పట్టులా కదిలేది అదే. పరిశోధకుడు మార్ష్‌నర్, ఆయన సహచరులు దీన్ని కొలిచి 2005లో సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో పత్రం సమర్పించారు. పాత లక్క పాలిష్ ఉన్న కుర్చీకి ఈ రెండో మెరుపే ప్రాణం. అరిగిన చోట పైపొర పోయింది కాబట్టి అక్కడ మొదటి మెరుపు తగ్గించి, కాస్త గరుకుతనం పెంచాను. ఎడమ చెయ్యి అప్పుడు కుదిరింది.

పేము అల్లికను మాత్రం చాలామంది ఫొటోతో సరిపెడతారు. దూరం నుంచి చూస్తే తప్పులేదు. ఈ కుర్చీకి మాత్రం నిలువు పోగులు, అడ్డపోగులు, ఐమూల పోగులు నిజంగానే ఒకదాని కిందుగా ఒకటి దూర్చి అల్లాను. సీటు మధ్యలో అల్లిక కుంగి, ఎనిమిది పలకల బెజ్జాలు సాగిపోయి ఉన్నాయి. ఆ కుంగు ఫొటోతో రాదు.

ఇంత శ్రమ దేనికంటే, మన చట్టం వల్ల. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం మామూలుగా వందేళ్లు నిండిన వస్తువే పురావస్తువు, అలాంటిదాన్ని దేశం దాటించడం నేరం. న్యూఢిల్లీకి 1931లో ప్రారంభోత్సవం జరిగింది. ఆ నగరం కోసం చేసిన బల్లలకీ కుర్చీలకీ ఇంకా వందేళ్లు నిండలేదు, కాబట్టి ఆ చట్టం వాటిని కాపాడదు. చండీగఢ్‌లో ఏం జరిగిందో చూశాం. ప్రభుత్వ కార్యాలయాల కోసం వాస్తుశిల్పి పియర్ జన్నరే చేయించిన టేకు కుర్చీల్ని తుక్కు కింద వేలం వేస్తే, అవే విదేశీ వేలంపాటల్లో లక్షలు పలికాయి. వందేళ్లు నిండే లోపు పోయేవి పోగా, మిగిలినవాటి కొలతలైనా ఎవరో ఒకరు రాసి పెట్టాలి. అందంగా రెండర్ చేసిన బొమ్మ ఒక్కటి ఆ పని చేయదు. దాన్ని చూసి ఎవరూ కుర్చీ చేయలేరు.

అందుకే ఆ కుటుంబానికి బొమ్మతో పాటు ముక్కలన్నీ విడదీసి కొలతలు వేసిన కాగితాలు కూడా ఇచ్చాను. పేము మళ్లీ అల్లించడానికి వాళ్లు కుర్చీని అమర్ కాలనీలో ఒక వడ్రంగి దగ్గరికి పంపారు. ఆయన రెండర్ బొమ్మను ఒకసారి చూసి పక్కన పెట్టాడు. కాగితాల్లో ఎడమ చేతి కొలత దగ్గర వేలు పెట్టి, పల్లం పడిన చోట లప్పం పూసి సమం చేయమంటారా అని అడిగాడు. వద్దని చెప్పాం.