సూర్యుడు లేని రెండు నెలలు

అంటార్కిటికాలో చలికాలం దాదాపు అంతా నాలుగు గోడల మధ్యే గడుస్తుంది. జూన్ 21 అక్కడ నడి చలికాలం. ఆ వారం ఖండం మీద ఉన్న స్టేషన్లన్నీ ఒకదానికొకటి శుభాకాంక్షలు పంపుకుంటాయి. వంటగదిలో దాచిపెట్టిన మంచి సరుకులు బయటికి వస్తాయి, అందరూ శుభ్రమైన బట్టలు కట్టుకుని ఒకే బల్ల చుట్టూ విందుకు కూర్చుంటారు. భారతదేశానికి అక్కడ ఉన్న రెండు స్టేషన్లలోనూ, 1989లో వచ్చిన మైత్రిలో, 2012లో వచ్చిన భారతిలో, ఈ ఆచారం ఉంది. వేసవి చివర ఓడ వెళ్లిపోతే మళ్లీ కొత్త మనిషి ముఖం కనిపించడానికి ఏడెనిమిది నెలలు పడుతుంది. అందులో సుమారు రెండు నెలలు సూర్యుడు అసలు పైకి రాడు. అలాంటి చోట ఒక పండగను తప్పకుండా జరుపుకోవడం ఎంతో సంతోషించదగ్గ విషయం.

భారతీయులు అక్కడ మొదటిసారి చలికాలం గడిపింది 1984లో, అప్పటి స్టేషన్ దక్షిణ గంగోత్రిలో. ఆ స్టేషన్ కట్టిన మూడో యాత్రకు నాయకుడు హర్ష్ గుప్తా. ఆ తర్వాతి కాలంలో ఆయన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు డైరెక్టర్ అయ్యారు. ఇప్పుడు వెళ్లేవాళ్లకు ముందు ఢిల్లీ ఎయిమ్స్‌లో పరీక్షలు జరుగుతాయి, తర్వాత హిమాలయాల్లోని ఔలీలో మంచు మీద శిక్షణ ఉంటుంది. ఈ ఏర్పాట్ల వెనక వందేళ్లకు పైబడిన అనుభవం ఉంది. అందులో చాలా భాగం జబ్బుల రూపంలో, కొంత చావుల రూపంలో వచ్చింది.

ఒంటరితనం మొదట మనసును కుంగదీస్తుందని, శరీరం తర్వాత దెబ్బతింటుందని సాధారణంగా అనుకుంటారు. ధ్రువ ప్రాంతాల్లో కనిపించే వరస మాత్రం నిద్రతో మొదలవుతుంది. మనిషి ఒంట్లోని గడియారం 24 గంటల కంటే కొద్ది నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది, ఉదయపు వెలుతురు దాన్ని రోజూ సరిచేస్తుంది. ఆ వెలుతురు లేనప్పుడు నిద్రవేళ రోజురోజుకీ వెనక్కి జరుగుతుంది. 1962లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త మిషెల్ సీఫ్ర్ గడియారం లేకుండా రెండు నెలలు ఒక గుహలో ఉన్నాడు. సెప్టెంబర్ 14న పైకి రమ్మని చెప్పినప్పుడు, అతని లెక్కలో అది ఇంకా ఆగస్టు 20. వెలుతురు కరువు నిద్రతో ఆగదు. ఎండ తగలక విటమిన్ డి తగ్గుతుంది. నిద్ర చెడితే చిరాకు పెరుగుతుంది, చదివింది గుర్తుండదు, మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయి గోడవైపు చూస్తూ ఉండిపోవడం మొదలవుతుంది. జర్మనీ వారి నోయ్‌మాయర్ స్టేషన్‌లో 14 నెలలు ఉన్న తొమ్మిది మందిని పరిశీలించి 2019లో ప్రకటించిన అధ్యయనంలో, జ్ఞాపకశక్తికి ముఖ్యమైన మెదడు భాగం ఒకటి కొంత కుదించుకుపోయినట్లు కనిపించింది.

వీటన్నిటినీ ఒకేచోట చూపించే కథ బెల్జికా ఓడది. ఇలాంటి విషయం ఎప్పుడు వచ్చినా ఈ శీర్షిక ఆ ఓడ దగ్గరికే వెళ్తుంది, ఎందుకంటే అంత నిండైన పాఠం ఇంకొకటి లేదు. అడ్రియన్ ద జెర్లాష్ నాయకత్వంలో బెల్జియం నుంచి బయలుదేరిన ఆ ఓడ 1898 మార్చిలో మంచులో ఇరుక్కుపోయింది. ఓడలో బెల్జియన్లు, నార్వేవాళ్లు, పోలండ్‌కు చెందిన శాస్త్రవేత్త, రుమేనియా నుంచి వచ్చిన మరో శాస్త్రవేత్త, అమెరికన్ డాక్టర్ ఫ్రెడరిక్ కుక్ ఉన్నారు. అందరికీ కలిసిన భాష లేదు. చలికాలానికి తగిన బట్టలు అందరికీ సరిపడా లేవు. మే మధ్యలో సూర్యుడు మునిగిపోయి, జూలై 20 దాటేదాకా రాలేదు. జూన్ మొదట్లో బెల్జియన్ శాస్త్రవేత్త ఎమిల్ డాంకో గుండెజబ్బుతో చనిపోయాడు. మంచులో కన్నం చేసి శవాన్ని సముద్రంలోకి దింపారు. ఆ తర్వాత ఒక్కొక్కరే పడకెక్కారు. కాళ్లు వాచాయి, చిగుళ్లు పాడయ్యాయి, కాస్త నడిస్తే గుండె దడ. ఒక నావికుడికి పూర్తిగా మతి తప్పింది.

అది స్కర్వీ, విటమిన్ సి లేకపోవడం వల్ల వచ్చే జబ్బు. విటమిన్ల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. కానీ కుక్ అంతకుముందు గ్రీన్‌లాండ్‌లో ఒక ఏడాది గడిపినవాడు. కూరగాయలు మొలవని ఆ నేల మీద ఇన్యూట్ జనం స్కర్వీ లేకుండా ఎలా బతుకుతున్నారో చూశాడు. పచ్చిగానో, సగం ఉడికించో వాళ్లు తినే తాజా మాంసమే కారణమని గ్రహించాడు. ఓడ చుట్టూ సీల్‌లు, పెంగ్విన్‌లు ఉన్నాయి. ఓడలో మాత్రం రోజూ డబ్బా మాంసం, డబ్బాల్లో వచ్చే చేప ఉండలు. పెంగ్విన్ మాంసం రుచి, వాసన జెర్లాష్‌కు గిట్టలేదు, ఆయన తినకపోతే మిగతావాళ్లూ తినలేదు. కుక్, అప్పటికి పాతికేళ్ల వయసున్న రోల్డ్ అముండ్సెన్ కలిసి ఈ పట్టుదలను సడలించారు. పడక మీదున్న కెప్టెన్ లెకోయింట్‌కు కుక్ ఆ మాంసాన్ని మందుగా ఇచ్చాడు. చావుకు సిద్ధమైన మనిషి కొద్ది రోజుల్లోనే లేచాడు.

కుక్ ఇంకో పని చేశాడు. బలహీనపడినవాళ్లను రోజూ ఒక గంట, బట్టలు తీసి, మండే పొయ్యి ముందు కూర్చోబెట్టాడు. మంట వెలుగు, వేడి ఒంటికి తగలాలన్నది అతని ఉద్దేశం. దీపాలతో చేసే నేటి వెలుతురు చికిత్సకు ఇది తొలి రూపమని చాలామంది అంటారు. ఓడ చుట్టూ మంచు మీద దారి చేసి రోజూ నడిపించాడు. పిచ్చాసుపత్రి షికారు అని నావికులు దానికి పేరు పెట్టుకున్నారు గానీ నడిచారు.

వంటిల్లు సరిగా ఉంటే మనిషి సగం బాగుంటాడన్నది ఈ శీర్షిక చదివేవారికి కొత్త వాదన కాదు. దానికి బెల్జికా గట్టి సాక్ష్యం. ఈనాటి స్టేషన్లలోనూ వంటమనిషి ఎంపికను చిన్న విషయంగా చూడరు. గిన్నెలు కడగడం, నేల తుడవడం శాస్త్రవేత్తలతో సహా అందరికీ వంతుల ప్రకారం వస్తుంది. నోయ్‌మాయర్‌లో 2018లో ఒక కంటైనర్‌లో దీపాల కింద తోట పెంచి దాదాపు 270 కిలోల కూరగాయలు పండించారు. ఆకుకూర, దోసకాయ తాజాగా బల్ల మీదికి వచ్చాయి.

తిండి, వెలుతురులాగే పీల్చే గాలినీ చూసుకోవాలి. ఆ సంగతి 1934 నాటి రిచర్డ్ బర్డ్ కథ చెబుతుంది. అమెరికా నౌకాదళ అధికారి అయిన బర్డ్ వాతావరణం లెక్కలు రాయడానికి అంటార్కిటికా మంచులో పూడ్చిన చిన్న గుడిసెలో ఒంటరిగా చలికాలం గడపబోయాడు. ప్రశాంతత ఎలా ఉంటుందో చూడాలనీ అతనికి ఉంది. కొన్ని వారాలకు తలనొప్పి, వాంతులు, నీరసం, గాఢమైన నిస్పృహ పట్టుకున్నాయి. అది ఏకాంతం పెట్టిన బాధలా కనిపించింది. అసలు కారణం పొయ్యి, జనరేటర్ నుంచి గుడిసెలోకి చేరిన కార్బన్ మోనాక్సైడ్.

ఇంతవరకు వచ్చాక, ఆహారం, వెలుతురు, గాలి, నడక చూసుకుంటే మనసు దానంతటదే చక్కబడుతుందని తేల్చేయవచ్చు. కానీ బెల్జికా, బర్డ్ కథల్లో ఇంకో సంగతి ఉంది. పెంగ్విన్ మాంసం ఓడ పక్కనే ఉంది. దాన్ని తినిపించింది రోజూ ప్రతి ఒక్కరి నాడి పట్టి చూసిన ఒక డాక్టర్. బర్డ్‌కు పొగ మీద అనుమానం వచ్చినా, పొయ్యి ఆర్పితే చలికి చస్తాడు, నిజం చెబితే చీకట్లో మనుషులు తనకోసం బయలుదేరి ప్రాణం పోగొట్టుకుంటారు. అందుకే బాగానే ఉన్నానని రేడియోలో చెబుతూ వచ్చాడు. అవతల వింటున్నవాళ్లు అతని మోర్స్ సంకేతాలు తడబడడం గమనించి, ఏదో జరిగిందని ఊహించి బయలుదేరారు. ఆగస్టులో ముగ్గురు చేరుకునేసరికి అతను చిక్కి శల్యమయ్యాడు. సీఫ్ర్ దినాల లెక్క తప్పాడు, బర్డ్ తన స్థితిని దాచాడు, జెర్లాష్ తన జబ్బుకు మందు పక్కనే ఉన్నా వద్దన్నాడు. ముగ్గురూ తెలివైనవాళ్లే. దీర్ఘకాలం ఏకాంతంలో మనిషి ముందుగా కోల్పోయేది తన స్థితిని తాను కొలుచుకునే శక్తి. కాబట్టి మంచి దినచర్య, మంచి భోజనం ఎంత అవసరమైనా, వాటిని సొంత క్రమశిక్షణకు వదిలేస్తే నిలవవు. ఇంకొకరి చూపు కావాలి.

తెలుగు పట్టణాల్లో పిల్లలు విదేశాల్లో ఉండి, ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లకు ఇదే వర్తిస్తుంది. ఒక్కదానికి ఏం వండుకుంటాం అని పచ్చడితో ముగించడం, దుమ్ము వస్తుందని కిటికీలు మూసేయడం, మధ్యాహ్నం పడుకుని రాత్రంతా మేలుకోవడం అక్కడ రోజూ జరిగేవే. బాగున్నావా అమ్మా అంటే, బాగానే ఉన్నాను నాన్నా అనే జవాబు వస్తుంది. బర్డ్ చెప్పిందీ అదే. ఇవాళ ఏం కూర వండావు, పొద్దున వాకిట్లో ఎంతసేపు కూర్చున్నావు, ఎన్నింటికి లేచావు, పక్కింటివాళ్లు వచ్చారా అని అడగాలి. జవాబులు రెండు మూడు వారాలు గుర్తుపెట్టుకుంటే తేడా తెలుస్తుంది. ఊళ్లో ఉన్న ఒక మనిషి వారానికోసారి ఇంట్లోకి వెళ్లి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఫోన్‌లో వంటగది కనిపించదు.

ఏకాంతం ముగిసే సమయాన్ని కూడా జాగ్రత్తగా చూడాలి. నెలల తరబడి కొత్త మనుషులు, కొత్త క్రిములు లేకుండా ఉన్న స్టేషన్లలో మొదటి విమానంతో పాటు జలుబూ దిగుతుంది. అంతరిక్షంలోనూ తిరిగివచ్చే సమయం ఇలాగే కష్టంగా కనిపించింది. రష్యన్ డాక్టర్ వలేరీ పోల్యకోవ్ 1994–95లో మీర్ అంతరిక్ష కేంద్రంలో 437 రోజులకు పైగా ఉన్నాడు. ఒకే ప్రయాణంలో అంతకాలం అంతరిక్షంలో ఉన్నవారు ఇప్పటికీ లేరు. అతని మానసిక స్థితిని, పని సామర్థ్యాన్ని తోటి పరిశోధకులు మొదటి నుంచి చివరిదాకా పరీక్షలతో కొలిచారు. మధ్యలోని పొడవైన నెలల్లో అవి నిలకడగానే ఉన్నాయి. పడిపోయింది పైకి వెళ్లిన మొదటి మూడు వారాల్లో, భూమికి తిరిగివచ్చిన మొదటి రెండు వారాల్లో.