‘భక్త ప్రహ్లాద’ (1967): బాలుని చిత్రమా, బాలల చిత్రమా?

రాజమహేంద్రవరానికి చేరువలోని కోరుకొండలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం ఫాల్గుణ శుద్ధ ఏకాదశి నాడు జరుగుతుంది. ఆ తీర్థానికి వచ్చి, ఆరువందలకు పైబడిన మెట్లెక్కే కుటుంబాల పిల్లలకు ప్రహ్లాదుడు పరాయివాడు కాడు. కథ తెలిసినదే, కథానాయకుడు తమ ఈడువాడే. అందువల్లనే ఆ కథతో వచ్చిన సినిమా పిల్లలకు తగునా అన్న ప్రశ్న పెద్దలకు సాధారణంగా తోచదు.

పురాణగాథ కనుక పిల్లలకు మంచిదే అన్న ఊహ పరిశీలనకు నిలవదు. ఇక్కడ ఒక తండ్రి కన్నకొడుకును చంపించడానికి పదేపదే ప్రయత్నిస్తాడు. ఏనుగులు, పాములు, విషం, కొండకొమ్ము అన్నీ అయిన తరువాత, ఆ కొడుకు కళ్ళెదుటనే తండ్రి వధ జరుగుతుంది. సినిమాటోగ్రాఫ్ చట్టం కింద 1991లో వెలువడిన మార్గదర్శకాల ప్రకారం, పిల్లలు హింసకు గురికావడాన్నీ, హింసకు బలవంతపు సాక్షులు కావడాన్నీ అనవసరంగా చూపరాదు. ప్రహ్లాదుని కథలో ఈ రెండూ ఉన్నాయి. నియమాన్ని అక్షరాలా పాటిస్తే కథే మిగలదు. కనుక విమర్శ పట్టుకోవలసిన మాట ‘అనవసరంగా’ అన్నదే.

పోతన భాగవతం సప్తమస్కంధంలో ఈ హింసలు నారదుడు ధర్మరాజుకు చెప్పే కథలో భాగం. వినే పిల్లవాడు తన శక్తి కొద్దీ ఊహించుకుంటాడు, భయపడినా ఆ ఊహ మేరకే. తెర మీద ఆ వెసులుబాటు లేదు. ఏనుగు పాదం ఎంత పెద్దదో తెరే నిర్ణయిస్తుంది. ఎ.వి.ఎం. వారి 1967 చిత్రం ఈ చిక్కును చాలావరకు సంగీతంతో దాటింది. ఎస్. రాజేశ్వరరావు బాణీలలో బాలుని భక్తిగానం వినబడుతున్నంతసేపూ వానికి ఏమీ కాదన్న నమ్మకం నిలుస్తుంది. రోజారమణి ముఖంలో బెదురు లేదు. చూసే పిల్లలు ఆ ముఖం నుంచే ధైర్యం తెచ్చుకుంటారు.

పాట తీర్చలేని భయం వేరే ఉంది. పసివారిని నిజంగా కలవరపెట్టేది ఏనుగు కాదు, తండ్రి. ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు వట్టి రాక్షసుడైతే పిల్లలకు పని సులువయ్యేది. ఆయన కొడుకును మురిపెంగా చూసుకునే తండ్రి కూడా. నటనగా అది చిత్రానికి గొప్ప బలం. ఐదేళ్ళ ప్రేక్షకునికి మాత్రం అదే గుండెదడ, ఎందుకంటే ముద్దు చేసిన నాన్నే మాట విననందుకు చంపించబోతున్నాడు. అంజలీదేవి లీలావతి కన్నీరు ఆ దిగులును పెంచేదే. ఎనిమిది, తొమ్మిదేళ్ళు వచ్చిన పిల్లల సంగతి వేరు. పెద్దల మాట తప్పు కావచ్చునని గ్రహించే వయసులో వారికి ఈ ఘర్షణ అవసరమే. వధ అనంతరం తండ్రికి పాపవిముక్తి కలగాలని ప్రహ్లాదుడు వేడుకున్నట్టు భాగవతం చెబుతుంది. పక్కన కూర్చున్న పెద్దలు ఈ ముక్క చెప్పకపోతే పిల్లలు సగం కథతోనే ఇంటికి వస్తారు.

1967 నాటికి ధ్రువీకరణలో సాధారణ ప్రేక్షకులకు ‘యు’, పెద్దలకు ‘ఎ’ అన్న వర్గాలే ఉండేవి. ఐదేళ్ళకూ తొమ్మిదేళ్ళకూ గల తేడాకు అందులో చోటు లేదు. 2023 చట్టసవరణ ‘యుఎ’ను 7, 13, 16 ఏళ్ళ అంచెలుగా విభజించి, ఆ సూచనను అమలు చేసే బాధ్యతను తల్లిదండ్రులకు, సంరక్షకులకు మాత్రమే వదిలింది. థియేటరు గుమ్మం దగ్గర ఎవరూ ఆపరు. ఈ కొలతతో చూస్తే 1967 చిత్రం ఏడేళ్ళు దాటినవారికి, పెద్దల తోడుతో తగినది.

2025 జూలైలో తెలుగులోనూ విడుదలైన అశ్విన్ కుమార్ ‘మహావతార్ నరసింహ’కు అదే కొలత సరిపోదు. యానిమేషన్ అనగానే పిల్లల సినిమా అనుకోవడం తెలుగునాట అలవాటు. అందులోని యుద్ధాలు మాత్రం పసివారి కోసం తీసినవి కావు. తేడా ప్రధానంగా నిడివిలో ఉంది. లక్ష్మీదేవి సైతం సమీపించడానికి జంకిన ఆ ఉగ్రరూపం బాలుని స్తుతికి చల్లబడిందని పురాణం. 1967 చిత్రం వధను దాటి ఆ స్తుతి వైపు త్వరగా నడుస్తుంది. 2025 చిత్రం పోరులోనే చాలాసేపు నిలుస్తుంది. కోరుకొండ మెట్లెక్కిన పిల్లలకు కనబడేది లక్ష్మీసమేతుడైన స్వామి. ఈ చిత్రంలో ఆ శాంతి కోసం వారు చాలాసేపు భయంతో ఎదురుచూడవలసి వస్తుంది.