సుత్తి దెబ్బను కొలిచిన చేయి

1920లలో మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ ఉలి మీద పడే సుత్తి దెబ్బను పట్టుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. పనివాడి చేతి కీళ్లకు, సుత్తికి చిన్న చిన్న బల్బులు కట్టాడు. కెమెరా ముందు తిరిగే కంతల బిళ్ల వెలుగును తుంచుతుంటే, కదలికంతా ఒకే ఫొటోలో చుక్కల బారులుగా పడేది. ఆ చుక్కల ఎడం కొలిచి వేగాలు లెక్కగట్టాడు. తేలిందేమిటంటే, చేయి తిరిగిన పనివాడి కీళ్లు సైతం ఏ రెండు దెబ్బలకూ ఒకేలా కదలవు. సుత్తి మొన మాత్రం వాటికంటే నిలకడగా సాగుతుంది. భుజం కాస్త అటూ ఇటూ అయితే మోచేయి, మణికట్టు సర్దుకుంటాయి. పనితనమంటే ఆ సర్దుబాటేనని నా నమ్మకం. నిటారుగా నిలబడటంలోనూ అంతే: ఒళ్లు సన్నగా ఊగుతూనే ఉంటుంది, చీలమండలు, తుంటి సర్దుతూ బరువును పాదాల పరిధి దాటనివ్వవు.

ఇదంతా ఏ కమ్మరికైనా తెలిసిందేగా అనొచ్చు. తెలుసు, చేతికి తెలుసు. కానీ ఆ తెలివి కొలతకు దొరికితేనే, చేయి స్వాధీనం తప్పినవారికి మళ్లీ నేర్పే దారి తెరుచుకుంటుంది. పక్షవాతం వచ్చినవారితో గ్లాసు అందుకునే సాధన చేయించే ఫిజియోథెరపిస్టు దాన్ని ఒకసారి దగ్గరగా, ఒకసారి పక్కగా, ఒకసారి నిండుగా, ఒకసారి ఖాళీగా పెట్టడం వెనక ఉన్నది సర్దుబాటునే నేర్పాలన్న ఈ ఆలోచనే.