సాయంత్రపు స్పానిష్ క్లాసు

1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో మొదలైన కమ్యూనిటీ కాలేజీల ఒరవడి, పగలంతా పనిచేసే అమెరికా వాళ్లకి పెద్ద ఆసరా. అలాంటి ఓ కాలేజీలో సాయంత్రాలు స్పానిష్ చెప్పే టీచరమ్మ పనితనం చూసి తీరాలి. ‘పెరో’ అంటే ‘కానీ’. అదే రకారాన్ని దొర్లిస్తే ‘పెఱ్ఱో’, కుక్క! డ్యూటీ దిగి వచ్చిన నర్సు దగ్గరా, తాత వయసు మెకానిక్ దగ్గరా ఆగి, అరచెయ్యిని అంగిలిలా వంచి, పై పళ్ల వెనక చిగురు మీద నాలుక కొస ఎలా అదరాలో రెండో చేతి వేళ్లతో చూపిస్తుంది. తప్పు పలికితే మధ్యలో ఆపదు. సరైన మాటను తన జవాబులో కలిపి మళ్లీ వినిపిస్తుంది. ఎంత మర్యాద! బండి ఱ ఉన్న తెలుగువాళ్లకి ఇది సులువే అనుకుంటాం గానీ, మనం దాన్ని మామూలు ‘ర’కు వేరుగా పలకడం ఎప్పుడో మానేశాం. పదోసారికి మెకానిక్ నాలుక అదిరింది. గదంతా చప్పట్లు.