తేదీ వేసిన నోట్సు

డిగ్రీ కామర్స్ పిల్లలకు టాక్సేషన్ చెప్పేవాళ్లకు తమ నోట్సు మీద నమ్మకం ఏడాదికి మించి నిలవదు. ఫిబ్రవరిలో బడ్జెట్ వస్తుంది, శ్లాబులు మారతాయి. ఒక్కోసారి ఏడాది కూడా ఆగదు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. 2017 జులై నుంచి మేం వల్లె వేయించిన 5, 12, 18, 28 వరుస పోయి, ప్రధానంగా 5, 18 మిగిలాయి. విలాస వస్తువుల్లాంటి కొన్నింటికి 40 పెట్టారు. క్లాసు ఫోల్డర్‌లో ఉన్న నోట్సును నేను సరిదిద్దగలను. పిల్లల ఫోన్లలోకి అప్పటికే దిగిపోయిన కాపీలను మాత్రం ఎవరూ సరిదిద్దలేరు. అవి వాట్సాప్‌లో సీనియర్ల నుంచి జూనియర్లకు చేరుతూనే ఉంటాయి. అందుకే ఇప్పటికీ నెయ్యి మీద పన్ను 12 శాతమని రాసే విద్యార్థి కనిపిస్తాడు. అతను చదవక తప్పు రాయలేదు, నిరుటి పంచాంగం చూసి రాశాడు.

నోట్సు ఆన్‌లైన్‌లో పెడుతూనే ‘డౌన్‌లోడ్ చేసుకోకండి, వచ్చి చూడండి’ అని నేను పిల్లలను అడిగేది ఇందుకే.

అడుగుతాను గానీ తాళం వేయను. గూగుల్ డ్రైవ్‌లో ఆ వీలుంది. చూసేవాళ్లకు డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ లేకుండా చేయొచ్చు. సహోద్యోగులు కొందరు అలాగే చేస్తారు. ఏళ్ల తరబడి తయారుచేసిన నోట్సు ఎవరి పేరుతోనో గైడుగా అచ్చవుతుందన్న వాళ్ల భయం అర్థం లేనిది కాదు. కానీ ఆ తాళం దొంగను ఆపదు. స్క్రీన్‌షాట్లు తీసి కలిపితే నిమిషాల్లో పీడీఎఫ్ తయారవుతుంది. అది ఆపేది సెలవుల్లో సిగ్నల్ అందని గూడేనికి వెళ్లే పిల్లను, రోజు డేటా సాయంత్రానికే అయిపోయిన పిల్లాణ్ని. వాళ్లకు అందకుండా చేసే హక్కు నాకుందని అనుకోను.

చట్టం మొగ్గు కూడా అటే. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపులో పాఠ్యభాగాలను కాపీ తీసి అమ్ముతున్నారని 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణకర్తలు కోర్టుకెక్కారు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ బోధన కోసం చేసే కాపీలకు వీలిస్తుందని 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ప్రచురణకర్తల పుస్తకాలకే ఆ మాట వర్తించినప్పుడు, చెప్పడానికే జీతం తీసుకునే నేను రాసిన నోట్సును పిల్లల నుంచి దాచడమేమిటి?

దారి మరోచోట దొరికింది. 2001లో ప్రకటించిన ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్‌లో కోర్సు మొత్తాన్ని దించుకోవచ్చు. అయితే ప్రతి కోర్సు మీదా అది ఏ సంవత్సరం, ఏ సెమిస్టరులో చెప్పినదో ఉంటుంది. పదేళ్ల కిందటి పాఠమైతే చదివేవాడికి ఆ సంగతి ముందే తెలుస్తుంది. అది చూశాకే నా నోట్సును రెండుగా విడదీశాను. ప్రత్యక్ష పన్నుకూ పరోక్ష పన్నుకూ తేడా, ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ ఎందుకు పుట్టింది, జీతం ఆదాయం లెక్కకు ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు: ఇవి ఒక ఫైలు. ఎంతమందైనా దించుకుని, ప్రింటు తీసి, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇచ్చుకోవచ్చు. రేట్లు, పరిమితులు, సెక్షన్ నంబర్లు ఇంకో ఫైలు. దాని ప్రతి పేజీ నెత్తినా సరిదిద్దిన తేదీ ఉంటుంది. దించుకోవద్దని అడిగేది దాన్ని ఒక్కదాన్నే.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1న అమల్లోకి రావడంతో ఆ రెండో ఫైలును దాదాపు మొదటినుంచీ రాయాల్సిన పని పడింది. సెక్షన్ నంబర్లు మారాయి. గత సంవత్సరం, మదింపు సంవత్సరం అనే జంట పోయి పన్ను సంవత్సరం ఒక్కటే మిగిలింది. తరాల విద్యార్థులను తికమక పెట్టిన ఆ జంట పోవడం నాకు నిజంగా సంతోషం. ఇక పాత కాపీలో తప్పు ఒక అంకెతో ఆగదు, చట్టమే వేరు.

పరీక్షల ముందు మాత్రం ఆ ఫైలును కూడా దించుకోమంటాను. ఏ సంవత్సరపు చట్టం ప్రకారం జవాబులు రాయాలో మొదటి పేజీలోనే రాసి, పరీక్షలు ముగిసేదాకా ఇక అందులో మార్పులు చేయనని క్లాసులో చెబుతాను. ఫోను లేనివాళ్లకు ఒక ప్రింటు లైబ్రరీలో ఉంటుంది, తేదీతో సహా.