తెర వెనుక దీపం

తోలుబొమ్మలాటకు వచ్చేవారిలో రెండు తెగలున్నాయి. తెర ముందు చాప పరచుకొని కూర్చుండి లంకాదహనాన్ని చూచి తెల్లవారేదాకా పరవశించేవారు ఒక తెగ. నడిరేయి లేచి మెల్లగా తెర వెనుకకు పోయి, దీపపు వేడికి చెమటలు కారుస్తూ ఒకే మనిషి రామునికీ రావణునికీ గొంతు అరువిచ్చుట చూచి నివ్వెరపోయేవారు రెండవ తెగ. ధర్మవరం దాపున నిమ్మలకుంటలో ఈ విద్య నేటికీ బ్రతికి ఉన్నది. కనుక కచేరీభాష కన్నడమై ఇంటిభాష తెలుగైన మన పావగడ తాలూకా కుటుంబాలవారికి దీనిని గూర్చి విస్తరించి చెప్పనక్కరలేదు. వెనుకకు పోయినవానికి ఆట చెడిపోతుందని కొందరంటారు. మేము ఆ మాటను ఒప్పము. అయితే వెనుకకు పోయి ఎవరిని చూడవలెను, ఎవరిని చూడక తిరిగివస్తున్నాము అన్నది వేరు ప్రశ్న.

ఈ ప్రశ్నను మాలో రేపినది ‘హార్ట్స్ ఆఫ్ డార్క్‌నెస్’ అనే డాక్యుమెంటరీ చిత్రం. ఫాక్స్ బార్, జార్జ్ హికెన్‌లూపర్ అనువారు దీనిని కూర్చి 1991లో వెలువరించారు. అమెరికా దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా వియత్నాం యుద్ధాన్ని గురించి తీసిన ‘అపోకలిప్స్ నౌ’ అనే చిత్రం ఎన్ని అవస్థలు పడి తయారైనదో చెప్పడం దీని పని. మూలకథ వియత్నాంది కాదు. జోసెఫ్ కాన్రాడ్ 1899లో కాంగో నదిని గురించి వ్రాసిన చిన్న నవల అది. 1939లో ఆర్సన్ వెల్స్ దానిని చిత్రంగా తీయబూనగా నిర్మాణసంస్థ వెనుకంజ వేసింది. అంతకు ముందటి సంవత్సరం వెల్స్ దానినే రేడియో నాటకంగా ప్రసారం చేసి ఉన్నాడు. ఆ కంఠస్వరాన్నే ఈ డాక్యుమెంటరీలో అక్కడక్కడ వినిపించడం మంచి యోచన. తీయలేకపోయినవాడు, తీసి తీరవలెనని పట్టుబట్టినవానికి వెనుకపాట పాడుతున్నట్లు ఉంటుంది.

కొప్పోలా ‘గాడ్‌ఫాదర్’ రెండు భాగాలతో కీర్తి, ధనము రెండూ గడించినవాడు. 1976 మార్చిలో ఫిలిప్పీన్స్ దేశంలో పని ప్రారంభించాడు. కొద్ది నెలలలో ముగియవలసినది 1977 మే దాకా సాగింది. కెమెరా తిరిగిన రోజులే 238. కోటి ఇరవై, ముప్పై లక్షల డాలర్ల అంచనా మూడు కోట్లు దాటింది. హద్దు మీరిన ఖర్చుకు దర్శకుడు తన ఆస్తిపాస్తులను ఒడ్డాడు. కథానాయకునిగా తెచ్చిన హార్వీ కైటెల్‌ను కొద్ది వారాలకే మార్చి మార్టిన్ షీన్‌ను పిలిపించారు. మే నెలలో తుపాను వచ్చి సెట్టింగులను కూల్చివేసింది. లక్షల డాలర్ల పారితోషికం పుచ్చుకొని వచ్చిన మార్లన్ బ్రాండో స్థూలకాయంతో దిగాడు, మూలగ్రంథం చదువలేదు, వారాల లెక్కన ధనం కరగిపోతూ ఉండగా దర్శకునితో పాత్రను గూర్చి చర్చకు కూర్చున్నాడు. ఆ దేహాన్ని ఏమి చేయవలెనో తోచక చీకటిలో నిలిపి ముఖం మీద మాత్రం వెలుగు వేశారు. చూచిన లోకం దానిని గొప్ప కల్పన అన్నది. కల్పన కాదనము. దాని పుట్టుక అగత్యంలో అన్నది డాక్యుమెంటరీ చూచినవారికే తెలుస్తుంది.

అన్నింటికన్న మమ్ము నిలవేసినది హెలికాప్టర్ల ఉదంతం. అమెరికా సైన్యం ఈ చిత్రానికి సహాయం నిరాకరించింది. కొప్పోలా ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్‌ను ఆశ్రయించి అతని సైన్యపు హెలికాప్టర్లను అద్దెకు తీసుకున్నాడు. వానికి అమెరికా రంగులు పూసి వియత్నాం పల్లె మీద దాడి చిత్రిస్తూ ఉండగా, నడుమ నడుమ అవి ఎగిరిపోయేవి. ఆ దేశపు తిరుగుబాటుదారుల మీద నిజమైన యుద్ధం జరుగుతున్నది. అచ్చట వాని అవసరం పడేది. మరునాడు వేరే పైలట్లు వచ్చేవారు, పాఠం మళ్లీ మొదలు. దొంగయుద్ధానికి నిజయుద్ధపు ఆయుధాలను ఎరువు తెచ్చుకోవడం, అవి అసలు పనికి వెళ్లి తిరిగి ఆటకు రావడం! దర్శకుడు విసుగుకొంటాడు. ఆ హెలికాప్టర్ వెళ్లిన కొండల్లో ఏమి జరిగిందో మాత్రం డాక్యుమెంటరీ ఒక్క క్షణమైనా ఆగి అడుగదు. కాన్స్ చిత్రోత్సవంలో కొప్పోలా తన చిత్రం వియత్నాంను గురించినది కాదు, అదే వియత్నాం అని చెప్పుకున్నాడు. ధనము, యంత్రసామగ్రి మితిమీరి, అడవిలో క్రమంగా మతులు పోగొట్టుకున్నామన్నది ఆయన మాటల సారాంశం. డాక్యుమెంటరీ ఆ మాటలతోనే మొదలవుతుంది. మేము వానిని డాబుగా భావించాము. యుద్ధంలో చనిపోయినవాడు చిత్రోత్సవానికి రాడు.

అయినను ఈ చిత్రాన్ని మేము మెచ్చుకొంటున్నాము. అందుకు కారణం ఆ ఇద్దరు కూర్పరులకన్న ఎలనోర్ కొప్పోలా. ఆమె దర్శకుని ఇల్లాలు. ముగ్గురు బిడ్డలతో ఆ దేశం వెళ్లి ఉన్నది. పంపిణీసంస్థవారి ప్రచారం కోసం ఒక చిన్న చిత్రం తీయవలెనని ఆమె చేతికి కెమెరా వచ్చింది. ప్రచారం కొరకు వచ్చిన కెమెరా సాక్షిగా మారిపోయింది. భర్త తెలియకుండగనే అతని మాటలను టేపు మీద నమోదు చేసింది. ఆ టేపులలో కొప్పోలా లోకానికి తెలిసిన ధీరుడు కాడు. తాను చెడ్డ చిత్రం తీస్తున్నానని, దీనికి ముగింపు తనకు దొరకలేదని, పరీక్ష తప్పబోయే విద్యార్థివలె వాపోతాడు. 1977 మార్చిలో ముప్పది ఆరేండ్ల షీన్‌కు గుండెపోటు వచ్చినప్పుడు ఆ వార్త బయటికి పొక్కితే ధనమిచ్చేవారు పని ఆపిస్తారన్న భయంతో టెలిఫోనులో కేకలు వేస్తాడు. నటుడు మరణించినా తాను చెప్పేదాకా మరణించనట్లేనన్న భావం వచ్చేటట్లు మాట్లాడుతాడు. అతడు దుర్మార్గుడు కాడు, భయపడినవాడు. కాని ఆ మాట విన్న తరువాత, హోటలు గదిలో షీన్ తన పుట్టినరోజునాడు నిజంగా త్రాగి, అద్దాన్ని పగులగొట్టి, రక్తమోడుతున్న చేతితో ఏడ్చే ఘట్టాన్ని మనం పూర్వంవలె చూడలేము. ఆమె 1979లో తన దినచర్యను గ్రంథంగా కూడా ప్రకటించింది. 2024లో కాలధర్మం చెందింది. భర్తకు కీర్తి తెచ్చిన చిత్రాలు ఎన్ని ఉన్నా, ఆ మనిషిని మనకు తెలియజెప్పినది ఈమె.

ఇక లోపం. డాక్యుమెంటరీకి ఒక నమ్మకం ఉన్నది. చిత్రం 1979లో కాన్స్‌లో అత్యున్నత బహుమానాన్ని ‘ది టిన్ డ్రమ్’తో పంచుకున్నది, ధనమూ తిరిగి వచ్చింది, కాబట్టి పడిన కష్టమంతా సార్థకమే. ఈ తీర్పు చివర రాగానే అంతకుముందు విన్న టేపులన్నీ విజయగాథకు అలంకారాలవుతాయి. ఎవరి కష్టం? నటుడు, దర్శకుడు, రచయిత పదేసి నిమిషాలు మాట్లాడుతారు. ఆలయపు సెట్టింగుకు బరువులు మోసినవారు చవక కూలికి దొరికినవారని మాత్రం తెలుస్తుంది. ఉత్తర ఫిలిప్పీన్స్ కొండలనుండి ఇఫుగావ్ జాతివారిని కుటుంబాలతో తెచ్చి, వేరొక దేశపు కొండజాతిగా చూపడానికి సెట్టింగులోనే నివసింపజేశారు. వారు తమ ఆచారం ప్రకారం దున్నపోతును బలి ఇచ్చే ఘట్టం చిత్రంలో ఉన్నది. అది నటన కాదు. దానిని చూచి అమెరికా ప్రేక్షకులు ఏమనుకున్నారో గాని, మన ప్రాంతంలో గ్రామదేవత జాతరలనెరిగిన వారికి, 1959 నాటి కర్ణాటక జంతుబలి నిషేధ చట్టం తరువాత కూడ ఆ మాట ఎందుకు సద్దుమణగలేదో తెలిసిన వారికి, అది అంధకారపు చిహ్నంగా కనబడదు. అది ఒక జాతి తన దేవతతో చేసే వ్యవహారం. ఆ కత్తి పట్టినవానిని, నీ పూజను వీరు తమ కథలో హత్యకు పోలికగా వాడుకొంటున్నారు, నీకు తెలుసునా అని అడిగినవారు లేరు. తెర వెనుకకు పోయిన కెమెరాకు సైతం ఒక తెర ఉన్నదన్నమాట.

మన తాలూకాలో తిరుమణి చుట్టుప్రక్కల సుమారు పదమూడు వేల యెకరాలలో 2050 మెగావాట్ల సూర్యవిద్యుత్తు కేంద్రం వెలసింది. ఆకాశంనుండి తీసిన దాని ఛాయాచిత్రాలు అందంగా ఉంటాయి. భూమిని కవులుకిచ్చిన రైతు అంత ఎత్తునుండి కనబడడు. ఇఫుగావ్‌వారిని చూచినప్పుడు మాకు ఈ చిత్రాలు జ్ఞప్తికి వచ్చాయి.

పరులను విమర్శించిన తరువాత మన యింటి సంగతి చూడక తప్పదు. తెలుగులో ఇటువంటి నిర్మాణాలు లేకపోలేదు. ‘మాలపిల్ల’, ‘రైతుబిడ్డ’ తీసిన గూడవల్లి రామబ్రహ్మంగారు ‘పల్నాటి యుద్ధం’ తీస్తూ, అది పూర్తి కాకమునుపే 1946లో కన్నుమూశారు. ఎల్.వి. ప్రసాద్‌గారు పూర్తిచేయగా 1947లో విడుదలైంది. గోవిందరాజుల సుబ్బారావుగారి బ్రహ్మనాయుడు, కన్నాంబగారి నాగమ్మ, అక్కినేని బాలచంద్రుడు నేటికీ ప్రశంసలందుకొంటున్నారు. కాని ఒకరి చేతినుండి మరొకరి చేతికి ఆ యుద్ధం మారిన దినాలలో స్టూడియోలో ఏమి జరిగింది? ఒక్క అడుగు ఫిల్ము కూడ మనకు చూడ దొరకదు. ఆ రోజులలో ముడిఫిల్మే కరవు గదా అంటే నిజమే.

1974 నాటికి ఆ మాట అంత బలంగా చెల్లదు. కృష్ణగారి నూరవ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ సినిమాస్కోపులో తీయబడింది. దర్శకుడు వి. రామచంద్రరావుగారు చిత్రీకరణ నడుమ వ్యాధిగ్రస్తులై మరణించారు. పోరాటఘట్టాలను కె.ఎస్.ఆర్. దాస్, తక్కినవానిని కృష్ణగారు పూర్తిచేశారు. దర్శకుని పేరు మాత్రం రామచంద్రరావుగారిదే ఉంచారు. ఇది మన పద్ధతి; కొప్పోలా పద్ధతికి నేర్ విరుద్ధం. గతించినవాని పేరు నిలిపి బ్రతికినవారు ప్రక్కకు తొలగారు. మేము దీనికి శిరసు వంచుతాము. అయితే ఆ మర్యాద వెనుక ఏ దృశ్యం ఎవరిదో, ఆ విషాదంలో పని ఎట్లు సాగిందో అన్నది వినికిడిగా మిగిలింది. అంతకన్న పెద్ద నష్టం మరొకటి ఉన్నది. ఆ చిత్రం తీసినది చింతపల్లి అడవులలో. 1922 ఆగస్టులో రాజుగారి దళం పోలీసు ఠాణాను ముట్టడించిన ఊరు అదే చింతపల్లి. నడుమ గడచినవి యాభై రెండేండ్లు మాత్రమే. ఆ దాడిని బాల్యంలో కన్నవారు, తండ్రి జైలుకు పోగా పెరిగినవారు, అరువది దాటిన వయస్సున ఆ మన్యంలో ఇంకా జీవించి ఉండరా? విశాలమైన తెర నింపడానికి పెద్ద కెమెరాలు కొండలెక్కి వెళ్లాయి. ఒక చిన్న కెమెరా అటు తిరిగి ఆ వృద్ధులను రెండు మాటలు అడిగి ఉంటే నేడు ఆ రీళ్లకు కథాచిత్రంతో సమానమైన విలువ ఉండేది.

ఇప్పుడు రెండవ కెమెరా లేని చిత్రమే లేదు. అల్లూరి పేరుగల పాత్రతోనే రాజమౌళి తీసిన ‘ఆర్‌ఆర్‌ఆర్’ 2022లో వచ్చింది; దాని నిర్మాణాన్ని గురించి 2024 డిసెంబరులో ‘ఆర్‌ఆర్‌ఆర్: బిహైండ్ అండ్ బియాండ్’ అనే డాక్యుమెంటరీ కూడ వచ్చింది. శ్రమ, నేర్పు, యంత్రకౌశలం అందులో దండిగా ఉన్నాయి. చూచి మేమూ గర్వించాము. కన్నడనాట ఉండి తెలుగు పలికే కుటుంబాలకు ఈ గర్వం కొంచెం అధికంగానే ఉంటుందని వేరుగా చెప్పవలెనా? కాని ఆ చిత్రం నిర్మాతల ఇంటినుండి పుట్టినది. ప్రతి చిక్కూ విప్పబడటానికే వస్తుంది. ‘నాటు నాటు’ నృత్యాన్ని 2021 ఆగస్టులో యుక్రెయిన్ రాజధానిలోని మారియిన్‌స్కీ రాజభవనం ముందర తీశారు. ఆరునెలలకే ఆ నగరం మీద క్షిపణులు పడ్డాయి. పాటకు ఆస్కార్ వచ్చింది. మనం యుద్ధపు కథ తీసుకొని వెళ్లిన చోటికి మన వెనుకనే యుద్ధం వచ్చింది. మార్కోస్ హెలికాప్టర్ల ఉదంతంవలె ఇదీ ఎవరూ కల్పించనిది. ఎలనోర్ వంటి చూపు గలవారి చేతిలో ఇది ఏమై ఉండేదో!

‘హార్ట్స్ ఆఫ్ డార్క్‌నెస్’ చివర కొప్పోలా ఒక ఆశ వెలిబుచ్చుతాడు. ఎక్కడో ఒహాయో రాష్ట్రంలో ఒక మామూలు పిల్ల తన తండ్రి చిన్న కెమెరాతో గొప్ప చిత్రం తీస్తుందని, అప్పుడు సినిమా వృత్తిదారుల సొత్తు కాకుండా పోతుందని. లక్షల డాలర్ల సామగ్రితో అడవిలోకి వెళ్లి వచ్చినవాని నోట ఈ మాట వినడం వింతగా ఉన్నది, సత్యంగానూ ఉన్నది. కెమెరా నేడు ప్రతి ఇంటికీ వచ్చింది. పావగడ కొండమీది కోటకు ఎక్కే పిల్లల చేతులలోనూ ఉన్నది. వారు దానిని ఎక్కువగా తమ ముఖాలవైపే త్రిప్పుకొంటున్నారు. అందుకు వారిని తప్పుపట్టము, రాజమౌళి బృందం చేసినదీ దాదాపు అదే.

చిత్రం నిడివి సుమారు గంటన్నర. ‘అపోకలిప్స్ నౌ’ చూడనివారు ముందు దీనిని చూచినా నష్టం లేదు. ఇంగ్లీషు మాటలు వేగంగా ఉంటాయి కనుక క్రింద అక్షరాలు వేసుకొని చూడడం మేలు. బలి ఘట్టం, కొన్ని మోటుమాటలు ఉన్నందున చిన్నపిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకోకుండుట మంచిది. పెద్దలు మాత్రం టేపులు వినిపించే భాగాలను రెండవమారు చూడవలెను. మొదటిమారు మన దృష్టి కొప్పోలా మీద ఉంటుంది, రెండవమారు ఆ టేపు యంత్రాన్ని పట్టుకొని మౌనంగా కూర్చున్న ఆమె మీదికి పోతుంది.