మెరుపు కాదు, అంచు

కామారెడ్డిలో స్టీలు సామాన్ల దుకాణానికి పోతే కత్తులు అట్టముక్కలకు బిగించి, ప్లాస్టిక్ తొడుగుల్లో తళతళలాడుతుంటాయి. ఎల్లారెడ్డి వైపు అంగడిలోనైతే కొడవళ్ల పక్కన గోనెపట్టా మీద నల్లగా పడుంటాయి. కొనేవాళ్ల కన్ను ముందు మెరుపు మీదికే పోతుంది. ఇంటికి తెచ్చాక పుంటికూర నుంచి గుమ్మడికాయ దాకా కోయాల్సింది మాత్రం అంచు.

ఉక్కు ఎంచడం ఈ నేలకు కొత్త విద్యేమీ కాదు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి వేరు జిల్లా అయ్యేదాకా కలిసున్న నిజామాబాద్ జిల్లాలోనే కోనసముద్రం ఉంది. అక్కడి కమ్మరులు ఇనుమును మూసిన మూసల్లో కరిగించి, నిదానంగా చల్లార్చి తీసిన ఉక్కు ముద్దల కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవాళ్లు. భూగర్భ శాస్త్రం తెలిసిన వైద్యుడు హెన్రీ వోయిసీ ఆ తయారీని చూసి రాసిన వ్యాసం 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ప్రపంచం ‘ఊట్జ్’ అని పిలిచిన ఆ లోహం పేరు వెనక ఉన్నది ‘ఉక్కు’ అనే మన మాటే. దానిలో కర్బనం 1 నుంచి 2 శాతం దాకా ఉండేది. దానితో చేసిన కత్తుల అంచు నిలవడానికి ఆ కర్బనమే బలం.

ఇవాళ వంటింటి కత్తి కొనేటప్పుడూ అడగాల్సింది ఆ సంగతే. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే స్టెయిన్‌లెస్ అంటారు, అది తేలిగ్గా తుప్పు పట్టదు. కానీ తుప్పు పట్టకపోవడం వేరు, పదును నిలవడం వేరు. మంచి జర్మన్ రకం కత్తుల్లో క్రోమియం 15 శాతం దాకా, కర్బనం అర శాతం ఉంటాయి. వాటి గట్టిదనం రాక్‌వెల్ కొలతలో సుమారు 55 నుంచి 58. రోజూ ఉల్లిగడ్డ, టమాట, ఆలుగడ్డ తరిగే ఇంటికి అది చాలు. జపాన్ కత్తులు చాలావరకు 60 దాటుతాయి. వాటి పదును ఎక్కువ రోజులు ఉంటుంది, కానీ బొక్క తగిలితే అంచు పెచ్చులూడుతుంది.

కమ్మరి కత్తిని తక్కువగా చూడనక్కర్లేదు. లారీ కమాన్ పట్టీ ముక్కతో సాగదీసిందైతే అందులో కర్బనం అర శాతం పైనే ఉంటుంది. ఎర్రగా కాల్చి ముంచడం, మళ్లీ కొంచెం వేడిచేసి పెళుసుదనం తీయడం సరిగా కుదిరితే దాని అంచు దుకాణం కత్తికి తీసిపోదు. చింతపండు, మామిడికాయ తగిలితే నల్లబడుతుంది. కడిగిన వెంటనే తుడిచి, కాస్త నూనె రాస్తే ఏళ్లపాటు ఉంటుంది.

కొనేముందు పిడి పట్టుకొని చూడాలి. లోపలి ఉక్కు పిడి చివరిదాకా పోయిందా, రివెట్లు కదులుతున్నాయా, అంచు వెంట చూస్తే వంకర కనిపిస్తోందా?

ఆరేడు కత్తుల సెట్టు కన్నా ఆరు నుంచి ఎనిమిది అంగుళాల కత్తి ఒకటి, చిన్న చాకు ఒకటి, కూరగాయలకు అలవాటైన ఈలపీట ఉంటే ఇల్లు గడుస్తుంది. నాటుకోడి కొట్టడానికి బరువు కత్తి వేరే ఉండాలి. కామారెడ్డి బెల్లం ముద్దను కూరగాయల కత్తితో పగలగొడితే అంచు పోతుంది; దానికి రోకలి ఉంది. గ్రానైట్ బండ మీద తరిగినా అంతే, చెక్క పలక కావాలి.

మిగిలిన డబ్బుతో సానరాయి కొనడం మేలు. వీధిలోకి చక్రం తెచ్చే సానవాళ్లకు ఇస్తే దగ్గర నిలబడి చూడాలి: నిప్పురవ్వల వేడికి అంచు నీలిరంగుకు తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే. ఇంట్లో రాయి తడిపి, వంపు మారకుండా అటూ ఇటూ సమంగా నూరుకుంటే ఆ భయం ఉండదు. నూరాక పండిన టమాట మీద నొక్కకుండా లాగి చూడాలి. తోలు జారకుండా తెగి, రసం పలక మీదికి కారకపోతే ఆ పూట కూరకు కత్తి సిద్ధం.